ట్యాగ్ ఉంటే తెరిచేవాణ్ణా?

భిలాయ్‌లో మా బావ ఇంట్లో కూర్చుని ఒక కాగితం చదివాను. ఒకే పేజీ. కింద మా మేనల్లుడి సంతకం. మొత్తం తొమ్మిది వాక్యాలు, అన్నీ ఇంగ్లిష్‌లో. ఎనిమిదింటితో ఎవరికీ పేచీ లేదు. తొమ్మిదో వాక్యం కుర్రాడి ఉద్యోగం తీసేసింది. విచిత్రమేమిటంటే, వ్యాకరణం ప్రకారం వంక పెట్టడానికి వీల్లేని వాక్యం ఆ పేజీ మొత్తంలో అదొక్కటే.

సంగతేమిటో చెప్పే ముందు ఈ కుటుంబం గురించి రెండు మాటలు. మా మేనమామ విజయనగరంలో రాయపూర్ బండెక్కి భిలాయ్ చేరేనాటికి అక్కడ ఉక్కు కర్మాగారం ఇంకా సగం ఇనుప చట్రమే. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి ఆ రోజుల్లో వెళ్లినవాళ్లు వేలల్లో ఉంటారు. సెక్టార్ల క్వార్టర్లలో కాపురాలు పెట్టారు, సెక్టార్-5లో బాలాజీ గుడి కట్టుకున్నారు, సంక్రాంతికి గొబ్బెమ్మలు పెట్టారు, పిల్లల్ని హిందీలో చదివించారు. మూడో తరానికి వచ్చేసరికి తెలుగు వంటింటి భాష అయింది. హిందీ వీధి భాష, స్నేహితుల భాష, కోపం వచ్చినప్పటి భాష. ఇంగ్లిష్ కాగితం మీది భాష. మా మేనల్లుడు మూడో తరం.

ప్లాంటులో పర్మనెంట్ ఉద్యోగం వాళ్ల తాతతో, నాన్నతో సరి. కుర్రాడు ఐటీఐ ఫిట్టర్. పారిశ్రామిక వాడలోని ఒక చిన్న ప్రైవేటు యూనిట్‌లో కాంట్రాక్టు మీద చేరాడు. ఒక రాత్రి షిఫ్టులో ఆవిరి లైన్ మీది వాల్వ్ తెరిచాడు. ఆ లైన్‌కు అవతలి కొసన ఒక హెల్పర్ గాస్కెట్ మారుస్తున్నాడు. ఆవిరి తగిలి అతని ముంజేయి కాలింది. పదిహేను రోజుల్లో మానింది, మళ్లీ పనిలోకి వచ్చాడు. అంతవరకు అదృష్టమే.

లైన్ మీద ఎవరైనా పనిచేస్తున్నప్పుడు వాల్వ్‌కు తాళం వేసి, ‘తెరవరాదు’ అని ఎర్ర ట్యాగ్ కట్టాలి. ఏ కర్మాగారంలోనైనా మొదటి రోజు చెప్పే పాఠం అది. ఆ రాత్రి ట్యాగ్ కట్టలేదని మావాడి మాట. కట్టామని షిఫ్ట్ ఇన్‌ఛార్జి మాట. నలభై ఎనిమిది గంటల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది.

మావాడు మొదట తనకు తోచినట్టు రాశాడు: ‘ఇఫ్ ఐ సీ ద ట్యాగ్, ఐ విల్ నాట్ ఓపెన్ ద వాల్వ్.’ ఇది భవిష్యత్తు గురించి హామీలా ఉందని అతనికే అనుమానం వచ్చింది. స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పే ఒక మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన రెండు నిమిషాల్లో దిద్ది ఇచ్చాడు: ‘ఇఫ్ ఐ హాడ్ సీన్ ద ట్యాగ్, ఐ వుడ్ నాట్ హావ్ ఓపెన్డ్ ద వాల్వ్.’ థర్డ్ కండిషనల్. పాఠ్యపుస్తకంలో అచ్చు వేసుకోవచ్చు.

విచారణాధికారి ఆ వాక్యం కింద గీత గీశాడు. ‘ట్యాగ్ ఉన్నదని, తాను చూడలేదని ఉద్యోగి స్వయంగా ఒప్పుకున్నాడు’ అని నివేదికలో రాశాడు. కాంట్రాక్టు పొడిగించలేదు.

‘‘మావయ్యా, నేను అబద్ధం రాయలేదు కదా. ట్యాగ్ కనిపిస్తే తెరిచేవాణ్ణా? అదే కదా రాసింది?’’ అన్నాడు కుర్రాడు.

సరిగ్గా అక్కడే ఉంది చిక్కు. తెలుగులో అతను అన్నమాటకు, ఇంగ్లిష్‌లో అతని చేత రాయించిన మాటకు మధ్య ఒక ఎర్ర ట్యాగ్ ఉంది. ‘కనిపిస్తే’ అన్నప్పుడు అది అక్కడ ఉందా లేదా అన్నది తెలుగు తేల్చదు. లేనిది కనిపించదు, ఉన్నా కనిపించకపోవచ్చు. రెండిటికీ ఆ మాటలో చోటుంది. ఇంగ్లిష్ వాక్యంలో ‘హాడ్ సీన్’ అనగానే ‘చూడలేదు’ అని తేలిపోతుంది. దాని పక్కన ‘ద ట్యాగ్’ అని పెట్టగానే ‘ఆ ట్యాగ్’, అంటే మనిద్దరికీ తెలిసిన, అక్కడున్న ట్యాగ్ అయిపోతుంది. ఉన్నదాన్ని చూడనివాడు అజాగ్రత్తపరుడు. అతను రాయాల్సింది ‘ఇఫ్ దేర్ హాడ్ బీన్ ఎ ట్యాగ్’ అని. అప్పుడు లేనిది ట్యాగ్ అవుతుంది. తప్పు కట్టాల్సినవాడిది అవుతుంది. తేడా మూడు నాలుగు మాటలు. ఒకటి నేరాంగీకారం, ఇంకొకటి నేరారోపణ.

మాస్టారిని నేను తప్పుపట్టను. ఆయన్ని అడిగింది వ్యాకరణం దిద్దమని. ఆయన అదే చేశాడు. మనకు బడిలో కండిషనల్స్ నేర్పిన తీరే అది. మూడు రకాలు, మూడు సూత్రాలు. ‘ఇఫ్’ పక్కన వర్తమానం ఉంటే అటువైపు ‘విల్’. ఇక్కడ భూతకాలం ఉంటే అక్కడ ‘వుడ్’. ఇక్కడ ‘హాడ్’ ఉంటే అక్కడ ‘వుడ్ హావ్’. ఖాళీలు పూరించండి, పది మార్కులు. ఏ ఖాళీలో ఏం పెడితే లోకం ఎలా మారిపోతుందో ఎవరూ చెప్పలేదు. ఉదాహరణకు రెండో రకంలో ‘సా’, ‘కేమ్’ అనేవి రూపానికే భూతకాలం. అవి గడిచిపోయిన కాలాన్ని చెప్పవు. అసంభవాన్నో, ఊహనో చెబుతాయి. ఇంగ్లిష్ ‘ఇది జరిగేది కాదు’ అని చెప్పడానికి క్రియను కాలంలో ఒక మెట్టు వెనక్కి జరుపుతుంది. నిజంగా గతం గురించే ఊహించాలంటే ఇంకో మెట్టు వెనక్కి వెళ్లాలి. అందుకే ‘హాడ్’. ఈ ఒక్క మాట చెబితే మూడు సూత్రాలు కంఠతా పట్టాల్సిన పని లేదు. నాకు ఇది తెలిసేసరికి నలభై ఏళ్లు దాటాయి.

మనవాళ్లు ‘వుడ్’ను వాడే తీరు ఇంకో ముచ్చట. మన ఆఫీసుల నోటీసు బోర్డుల మీద ‘ద మీటింగ్ వుడ్ బి హెల్డ్ ఆన్ మండే’ అని కనిపిస్తుంది. సోమవారం మీటింగ్ ఖాయం. అయినా ‘విల్’ అంటే పెద్దవాళ్ల ముందు గొంతు పెంచినట్టుంటుందని ‘వుడ్’ పెడతాం. గౌరవం కోసం. ఇంగ్లండులో పుట్టినవాడు అది చదివితే ‘ఏం జరిగితే హెల్డ్?’ అని ఎదురుచూస్తాడు.

తెలుగుకు ఈ సరంజామా లేదనుకుంటే పొరపాటు. మన వ్యాకరణాల్లో దీనికి చేదర్థకం అని పేరు. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’. ‘వస్తే’, ‘ఉంటే’, ‘చెబితే’ అన్నీ ఆ కోవలోవే. ఒక్క ‘వస్తే’తో మనం చాలా బండి లాగుతాం. ‘వాన వస్తే గొడుగు తీసుకెళతాను’ అన్నా అదే, ‘నిన్న వాన వస్తే తడిసేవాళ్లం’ అన్నా అదే. జరగబోయేదా, జరగనిదా అన్నది ‘వస్తే’ చెప్పదు. వాక్యం చివరి క్రియ చెబుతుంది. అంతదాకా వినేవాడు ఆగాలి. మరీ స్పష్టంగా చెప్పాలంటే ‘వచ్చి ఉంటే తడిసి ఉండేవాళ్లం’ అంటాం. అప్పుడు సందేహానికి తావే లేదు. అంటే తెలుగులో సరుకుంది. అవసరమైతేనే బయటికి తీస్తాం, అంతే. ఇంగ్లిష్ రెండు కొసల్లోనూ ముద్ర వేస్తుంది, అడిగినా అడక్కపోయినా.

సంస్కృతం ఇంకా గట్టిది. పాణిని ఏకంగా ఒక లకారాన్నే దీనికి కేటాయించాడు. పేరు లృఙ్. జరగాల్సిన పని జరగకుండా పోయినప్పుడు వాడేది. ఆ జరగకపోవడానికి క్రియాతిపత్తి అని అందమైన పేరు. సంస్కృత పాఠాల్లో దీనికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ వానలదే. మంచి వానలు కురిసి ఉంటే కరువు తప్పి ఉండేదని. రెండున్నర వేల ఏళ్ల కిందట కూడా రైతు ఇదే అనుకున్నాడన్నమాట.

భిలాయ్ ఈ విషయంలో ఒక ప్రయోగశాల లాంటి ఊరు. సోవియట్ ఇంజనీర్లు, వాళ్ల వెంట దుబాసీలు. బెంగాలీ, మలయాళీ, పంజాబీ, తెలుగు, ఒడియా ఉద్యోగులు. పక్క పల్లెల నుంచి వచ్చిన ఛత్తీస్‌గఢీ కూలీలు. ఒకే ఫర్నేస్ ముందు నిలబడి ‘ఈ వేడి ఇంకాస్త పెరిగి ఉంటే ఏమయ్యేది’ అని ఎవరి భాషలో వాళ్లు అనుకుని ఉంటారు. రష్యన్‌లో దీనికి ‘బి’ అని ఒక చిన్న ముక్క చాలు. భూతకాల క్రియ పక్కన దాన్ని తగిలిస్తే ఊహ అయిపోతుంది. అయితే అది రేపటి ఊహా, నిన్నటి ఊహా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. రష్యన్‌లో మాట్లాడిన ఇంజనీరు వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చే దుబాసీ ప్రతిసారీ ‘వుడ్’ పెట్టాలా, ‘వుడ్ హావ్’ పెట్టాలా అని తనే తేల్చుకోవాలి. ప్రమాదం గురించి మాట్లాడుతున్నప్పుడు అది చిన్న బాధ్యత కాదు. హిందీలో ‘హోతా తో... కర్తా’ అని రెండు పక్కలా ఒకే రూపం. ‘హువా హోతా’ అంటే అది నిశ్చయంగా గతం.

ఇంకో వింత. తెలుగులో ‘వచ్చేవాడు’ అంటే రెండర్థాలు. ‘మా తాత రోజూ సాయంత్రం వచ్చేవాడు’ అంటే అలవాటు. ‘బండి దొరికితే వచ్చేవాడు’ అంటే రాలేదని. హిందీ ‘ఆతా’ అంతే, అలవాటుకూ అదే, జరగని పనికీ అదే. ఇంగ్లిష్ ‘వుడ్’ కూడా అంతే. ‘హి వుడ్ కమ్ ఎవ్రీ ఈవినింగ్’ అంటే పాత రోజుల్లో వచ్చేవాడని. ఎక్కడెక్కడివో మూడు భాషలు, ఎప్పుడూ జరిగినదానికీ, అసలు జరగనిదానికీ ఒకే చొక్కా తొడిగాయి. భాషాశాస్త్రవేత్తలు దీనికి కారణాలు చెబుతారు. నాకు మాత్రం పోయినవాళ్ల గురించి మాట్లాడుకునే ఇళ్లలో ఈ రెండూ అంత వేరుగా ఉండవనిపిస్తుంది.

భాషలో రూపం లేకపోతే ఊహ కూడా రాదా? ఈ ప్రశ్న మీద ఒకప్పుడు పెద్ద రగడే జరిగింది. అమెరికన్ పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ బ్లూమ్ 1981లో ఒక పుస్తకం రాశాడు. హాంగ్‌కాంగ్‌లో చైనీయుల్ని ‘ప్రభుత్వం ఫలానా చట్టం చేసి ఉంటే మీరేం చేసి ఉండేవారు’ అని అడిగితే చాలామంది ‘చేయలేదు కదా’ అన్నారట. చైనీస్‌లో ఇంగ్లిష్‌లా ప్రత్యేక రూపం లేకపోవడం వల్ల వాళ్లకు ఇలాంటి ఆలోచన కష్టమని ఆయన తేల్చాడు. రెండేళ్లకే టెర్రీ ఆవ్ అనే పరిశోధకురాలు ఆ గాలి తీసేశారు. బ్లూమ్ వాడిన చైనీస్ కథలే అతుకులబొంతలని, మామూలు చైనీస్‌లో రాసిస్తే వాళ్లు చక్కగా అర్థం చేసుకుంటున్నారని 1983లో చూపించారు. తప్పు జవాబు చెప్పినవాళ్లది కాదు, ప్రశ్న రాసినవాడిది.

మా మేనల్లుడి కథా అదే. వాడికి ఊహించడం రాక కాదు. ట్యాగ్ కట్టి ఉంటే ఏమయ్యేదో వాడికి తెలిసినంత బాగా ఆ యూనిట్‌లో ఎవరికీ తెలియదు. రాత్రుళ్లు నిద్రపట్టక అదే ఆలోచిస్తున్నాడని వాళ్లమ్మ చెప్పింది.

పరిశ్రమల్లో ఈ ‘ఉంటే’ మాటకు ఉన్న బరువు తక్కువది కాదు. భిలాయ్ ఉక్కు కర్మాగారంలోనే 2014 జూన్ 12న పంప్ హౌస్ దగ్గర విషవాయువు లీకై ఆరుగురు చనిపోయారు. వారిలో సీనియర్ అధికారులూ ఉన్నారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైప్‌లైన్ దగ్గర మంటలు లేచి డజనుకు పైగా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ప్రతి ప్రమాదం తర్వాతా విచారణ నడిచేది ఒకే రకం వాక్యం మీద. ఫలానాది చేసి ఉంటే ఇది జరిగి ఉండేదా? బాధ్యత ఎవరిదన్నది ఆ వాక్యం మొదటి సగంలో ఏ క్రియ పెడతారు, దానికి కర్తగా ఎవరిని నిలబెడతారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘కార్మికుడు చూసి ఉంటే’ అని మొదలుపెడితే ఒక దారి. ‘తాళం వేసి ఉంటే’ అని మొదలుపెడితే ఇంకో దారి. రెండూ నిజమే కావచ్చు. నివేదికలో ఒకటే ఉంటుంది.

న్యాయస్థానాలకూ ఇది తప్పదు. ఇంగ్లండులో 1966 కొత్త సంవత్సరం నాడు ముగ్గురు నైట్ వాచ్‌మన్లు టీ తాగి వాంతులతో ఆసుపత్రికి వెళ్లారు. డ్యూటీ డాక్టర్ వాళ్లను చూడకుండానే ఇంటికెళ్లి సొంత డాక్టర్‌కు చూపించుకోమని కబురు పెట్టాడు. ఒకతను ఆ రోజే చనిపోయాడు. టీలో ఆర్సెనిక్ కలిసింది. ఆసుపత్రి విధి తప్పిందని కోర్టు ఒప్పుకుంది. కానీ వెంటనే చూసి ఉన్నా విరుగుడు వేళకు అంది ఉండేది కాదు, ఎలాగూ చనిపోయి ఉండేవాడని చెప్పి భార్య దావాను కొట్టేసింది. న్యాయశాస్త్రం విద్యార్థులు ఇప్పటికీ చదివే కేసు ఇది. ‘చూసి ఉంటే’కూ ‘చూసి ఉన్నా’కూ మధ్య ఒక కుటుంబం నష్టపరిహారం పోయింది. మన వ్యాకరణంలో ఆ రెండోదానికి అప్యర్థకం అని పేరు. పదో తరగతి వరకు వల్లె వేశాం.

ఇక మావాడి విషయంలో నన్ను వేధించింది వేరు. ఇంగ్లిష్‌లోనే రాయమని మెమోలో ఎక్కడా లేదు. నేను రెండుసార్లు చదివాను. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద కేంద్రం రూపొందించిన నమూనా ఉత్తర్వుల్లో, విచారణను హిందీలోగానీ ఇంగ్లిష్‌లోగానీ ఆ రాష్ట్ర భాషలోగానీ, కార్మికుడు ఏది కోరుకుంటే అందులో నమోదు చేయాలని రాసి ఉండేది. చిన్న యూనిట్లకు ఆ ఉత్తర్వులు వర్తించకపోవచ్చు, మర్యాద మాత్రం వర్తిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లో తెలుగు ఆ జాబితాలోకి రాదు, సరే. హిందీ వస్తుంది. కుర్రాడు హిందీలో పుట్టి పెరిగినవాడు. ‘టైగ్ లగా హోతా తో మై వాల్వ్ నహీ ఖోల్తా’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ట్యాగ్ కట్టి లేదని అందులోనే ఉంది. ఏ మాస్టారూ అక్కర్లేదు.

‘‘మరి హిందీలో ఎందుకు రాయలేదురా?’’ అని అడిగాను.

‘‘హిందీలో రాస్తే లేబర్ అనుకుంటారు మావయ్యా’’ అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అది అబద్ధం కాదు. ఇరవై ఏళ్లుగా మన ఊళ్లలో స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు వెలసింది ఈ ఒక్క భయం మీదే. ఇంగ్లిష్ వద్దని నేననను. ఆ భాషలో అన్నం తింటున్న వాణ్ణి. కానీ ఒక మనిషి తన బతుకు గురించి సంజాయిషీ చెప్పుకునేటప్పుడు తనకు ఎక్కడ అడుగు వేస్తే ఎక్కడ తేలుతుందో తెలిసిన భాషలో చెప్పుకోనివ్వాలి. చదివేవాడికి రాకపోతే తర్జుమా చేయించుకోవాల్సింది చదివేవాడు. విచారణాధికారి కూడా గీత గీసే ముందు ఒక్క ప్రశ్న అడిగి ఉండవచ్చు. ‘బాబూ, ట్యాగ్ ఉందా, లేదా?’ ఏ భాషలో అడిగినా ఆ ప్రశ్నలో ‘ఇఫ్’ లేదు.

సాయంత్రం మా బావ, నేను వరండాలో కూర్చున్నాం. రిటైరై చాలా కాలమైంది. అయినా సెక్టార్ల మధ్య సైరన్ మోత వినిపిస్తే చేతి గడియారం చూసుకుంటాడు. ‘‘విశాఖలో ఫ్యాక్టరీ పదేళ్లు ముందొచ్చి ఉంటే మా నాన్న ఇక్కడికి వచ్చేవాడా?’’ అన్నాడు. 1966లో విశాఖ ఉక్కు కోసం అమృతరావు నిరాహార దీక్ష చేసినప్పుడు, ఆంధ్ర అంతటా కాల్పులు జరిగినప్పుడు, ఈ క్వార్టర్లలో రేడియో చుట్టూ జనం మూగారట. ఇందిరాగాంధీ 1970 ఏప్రిల్‌లో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఫర్నేస్ వెలిగేసరికి 1990 వచ్చింది. అప్పటికి మా మేనమామ రిటైరయ్యాడు. ఇప్పుడు దుర్గ్ నుంచి విశాఖకు వందేభారత్ నడుస్తోంది, 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. పొద్దున్నెక్కితే మధ్యాహ్నానికి సముద్రం.

‘‘వచ్చేవాడు కాదు. నువ్వు గాజువాకలో పుట్టేవాడివి’’ అన్నాను.

‘‘అప్పుడు వీడికి హిందీ వచ్చేది కాదు’’ అన్నాడు బావ, లోపలికి చూస్తూ.

కుర్రాడు లోపల బూట్లు వేసుకుంటున్నాడు. ఇంకో యూనిట్‌లో దొరికింది, జీతం రెండు వేలు తక్కువ. రాత్రి షిఫ్టే. ఇప్పుడు ఏ వాల్వ్ మీద చేయి వేసినా ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీస్తున్నాడట. తేదీ, టైమ్ పడేలా.